తదితరులు ఎక్కిన బస్సు

విలేకరిగా చేరినప్పుడు నేను మొదట నేర్చుకున్నది వార్త రాయడం కాదు, పేర్లు రాయడం. సభ జరిగితే ముందు అధ్యక్షత వహించినవారు, తర్వాత ముఖ్య అతిథి, తర్వాత విశిష్ట అతిథులు, ఆ తర్వాత విరాళమిచ్చిన షావుకార్లు. చోటు మిగిలితే ప్రధానోపాధ్యాయుడు. మిగలకపోతే 'తదితరులు పాల్గొన్నారు'. ఆ మాట ఎవరు కనిపెట్టారో గానీ మా వృత్తికి అంతకు మించిన ఉపకారం ఇంకెవరూ చేయలేదు. బల్లలు మోసినవాడు, మైకు కట్టినవాడు, పాడినవాడు, నవ్వించినవాడు అందరూ అందులో పడతారు. ఎంతమందిని వేసినా అది నిండదు.

అలా నేను పదేపదే అందులోకి తోసినవాళ్ళలో ఒకతను బుర్రకథలో ఎడమవంత. ఇప్పటివాళ్ళకు చెప్పాల్సి వస్తుంది. మధ్యలో తంబురా మీటుతూ కథ చెప్పేవాడు కథకుడు. అతనికి చెరో పక్క గుమ్మెట వాయిస్తూ ఇద్దరు వంతలు. కుడివంత లోకం సంగతులు మాట్లాడతాడు. ఎడమవంత నవ్విస్తాడు. "రాజు యుద్ధానికి బయలుదేరినాడు" అని కథకుడు ఉగ్రంగా అంటే, "బువ్వ తినే పోయినాడా?" అని అడగవలసింది ఎడమవంతే. జనం కథకుడికి శాలువా కప్పి, ఎడమవంత మాటలు ఇంటికి పట్టుకుపోయేవారు. నేను మాత్రం పత్రికకు, 'కథకుడు వీరరసం పొంగించగా తదితరులు సహకరించారు' అని పంపేవాణ్ణి.

రాయచోటి వైపు నుంచి కడపకు కథ చెప్పడానికి వచ్చినప్పుడు ఒకసారి పత్రిక చేత్తో పట్టుకుని నా గదికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, పెద్ద చెవులతో ఉండేవాడు.

"అన్నా, ఒగ మాట అడగాల. ఈ తదితరులు అనేటోడు యా ఊరోడు? మేం యాడ కథ చెప్పినా వచ్చి పేపర్లో పడతాండాడే!"

నేను నవ్వి టీ తెప్పించాను. టీ తెప్పించడంతో సమాధానం చెప్పినట్టే అనుకునే వయసు నాది. వచ్చే వారం మళ్ళీ తదితరులు అనే రాశాను. అలవాటు, అంతే.

తర్వాత ఊళ్ళలోకి వీడియోలు వచ్చాయి. కథకుడు ఒక పార్టీ ప్రచారంలో చేరాడు. అక్కడ అతనికి వంతలు వేలమంది. కుడివంత ఎరువుల అంగడి పెట్టాడు. ఎడమవంతకు వచ్చిన విద్యలు రెండే. ఒకటి నవ్వించడం, రెండోది దళానికి దారిలో వంట చేసిపెట్టడం. మొదటిదానికి వీసా ఇచ్చే దేశం లేదు గనుక రెండోదాని మీద కువైట్ పోయాడు. ఫహాహీల్ దగ్గర ఒక ఇంట్లో వంటవాడుగా కుదిరాడు. విలేకరితనంతో ఇల్లు గడవక కొన్నేళ్ళకు నేనూ వెళ్ళాను, మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా. ఒక శుక్రవారం అక్కడి అంగళ్ళ ముందు నన్ను చూసి అంత దూరం నుంచే కేక వేశాడు.

"పేపరన్నా! నువ్వూ తదితరుల్లోకి వచ్చేస్తివా?"

ఆ రోజు నుంచి నాకు పేపరన్నా అన్న పేరు స్థిరపడింది. అతన్ని అందరూ వంతన్నా అనేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు. ఎలా ఉన్నావని అడిగితే తన ఇంటి యజమానురాలి సంగతే చెప్పేవాడు.

"మా మామాకు నవ్వంటే ఏందో తెలీదు న్నా. ఎనిమిదేండ్లుగా ప్రయత్నం చేస్తాండా. నేను నోరు తెరిస్తే చాలు, కూరలో ఏం తప్పు చేసినావో చెప్పు అంటాది."

అప్పటికి మాకొక తెలుగు సంఘం ఉండేది. ఏడాదికొకసారి అద్దెకు తీసుకున్న బడి హాల్లో వేడుక. వేడుకలో తొంభై పాళ్ళు సన్మానాలు. సంఘాధ్యక్షుడికి సులైబియాలో పెద్ద గిడ్డంగి ఉంది. ఆయనకు ఉన్న ఇంకో ఆస్తి మైకు. వంతన్నకు ఇచ్చింది ఎనిమిది నిమిషాలు. వందన సమర్పణ అయ్యాక, బిరియానీ డేగిసాలు లోపలికి వచ్చేలోగా జనం లేచిపోకుండా పట్టి ఉంచడానికి.

కథకుడు లేని ఎడమవంత ఏం చేస్తాడు? వేదిక మధ్యలో ఒక ముక్కాలిపీట వేశాడు. దాని మీద పట్టు శాలువా కప్పాడు. తాను దానికి ఎడమ పక్కన గుమ్మెటతో నిలబడి, వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆహా?" అన్నాడు. పీట మాట్లాడింది. అంటే అతనే పెదవి కదలకుండా అధ్యక్షుడి గొంతుతో మాట్లాడాడు.

"సోదర సోదరీమణులారా, నేను మాట్లాడదలచుకోలేదు. అయినా మీరందరూ అడిగారు కనుక..."

"ఎవురడిగినారు సామీ?"

"ప్రజలు అడిగారు."

"ఆ ప్రజలు యాడుండారు? నాకు డేగిసాలు తప్ప ఏం కనపడల్యా."

హాలు దద్దరిల్లింది. అందరికంటే బిగ్గరగా నవ్వింది మొదటి వరసలో కూర్చున్న అధ్యక్షుడే. తనకు ముందున్న అధ్యక్షుణ్ణి వెక్కిరిస్తున్నారని ఆయన అనుకున్నాడు. విషయం ఏమిటో భోజనాల దగ్గర భార్య చెప్పింది. మరుసటి ఏడాది వేడుకలో వంతన్న లేడు. 'సమయాభావం వల్ల' అని కార్యక్రమ పత్రం చివర వేశారు. ఆ సంవత్సరం అధ్యక్షోపన్యాసం గంటన్నర నడిచింది. ఆ పత్రం టైపు చేసింది నేనే.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది పందొమ్మిది వందల తొంభై ఆగస్టులో. తెల్లవారేసరికి వీధుల్లో ట్యాంకులున్నాయి. రెండు రోజుల్లో మా ఆఫీసుకు తాళం పడింది. ఆఫీసు టైపు మిషను మాత్రం నా గదికి తెచ్చుకున్నాను. దోచుకోవడం అని ఎవరైనా అంటే కాదనను, ఆ వారం ఊరంతా అదే పని. వంతన్న పరిస్థితి నాకంటే అన్యాయం. అతనికి వీసా పూచీ ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, కుటుంబం ఎండలకు విదేశం వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పాస్‌పోర్టు ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది. తాళంచెవి మామా చేతిసంచిలో, విదేశంలో ఉంది. ఖాళీ ఇంట్లో అతనొక్కడే ఉల్లిగడ్డలకు కాపలా.

మనవాళ్ళను బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చి, అమ్మాన్ నుంచి విమానాల్లో పంపుతున్నారని తెలిసింది. ఒక్కో బస్సుకు ఒక్కో జాబితా. జాబితాలో ఉన్నవాళ్ళే ఎక్కాలి. మా సంఘానికి ఒక బస్సు దొరికింది. జాబితా రాయడానికి సులైబియా గిడ్డంగిలో చేరాం. అధ్యక్షుడు బియ్యం బస్తాల మీద దుప్పటి పరిపించుకుని కూర్చున్నాడు.

"పత్రికలో పనిచేసినవారు, మీకు చెప్పేదేముంది? పద్ధతి ప్రకారం రాయండి. రేపు ఎవరూ మనల్ని వేలెత్తి చూపకూడదు" అన్నాడు.

పద్ధతి ప్రకారమే రాశాను. అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు ఇద్దరు, కార్యదర్శి, కోశాధికారి, సాంస్కృతిక కార్యదర్శి, ముగ్గురు పోషకులు, వాళ్ళ తర్వాత సభ్యులు. నా పేరు ముప్పై మూడోది. ముప్పై ఎనిమిదో పేరు దగ్గర కాగితం అడుగుకు వచ్చింది. ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు, తాపీ పనివాళ్ళు ఇద్దరు, ఒక డ్రైవరు, ఒక చాకలి, వంతన్న. నా చెయ్యి తన పని తాను చేసింది. 'తదితరులు' అని రాసింది.

ఆ సాయంత్రమే కూర్చుని దాన్ని ఇంగ్లీషులో టైపు చేశాను. తదితరులను కూడా వదలకుండా 'అండ్ అదర్స్' అని టైపు చేశాను. అక్కడ ఎందుకు ఆగలేదని ఈ సంగతి విన్నవాళ్ళు ఇన్నేళ్ళుగా అడుగుతున్నారు. ఎవరూ ఆగలేదు. జాబితా గిడ్డంగి గోడకు అంటిస్తే అందరూ చదివారు. ప్రతివాడూ తన పేరు కనపడేదాకా చదివి అక్కడ ఆపేశాడు. చదవడం రానివాళ్ళు మా మీద నమ్మకం పెట్టుకున్నారు. దాని మీద మన ఎంబసీ ముద్ర పడింది.

బస్సు వచ్చిన రోజు ఉదయం గిడ్డంగి ముందు సంచులు, నీళ్ళ డబ్బాలతో అందరం నిలబడ్డాం. అరబ్బీ బాగా వచ్చని రాయచోటి మెకానిక్ ఒకాయనను బస్సుకు పెద్దను చేశాం. అందరూ భాయ్ అనేవారు. భాయ్ జాబితా ఎత్తి మొదటి పేరు పిలిచాడు. అధ్యక్షుడు పలకలేదు. రెండోది పిలిచాడు. పలకలేదు. తొమ్మిది పేర్ల దాకా పలికినవాడు లేడు. కార్యవర్గమూ పోషకులూ మూడు రోజుల కిందటే తమ కఫీళ్ళ కార్లలో ఎడారి దాటి సౌదీ చేరుకున్నారని గిడ్డంగి కాపలావాడు అప్పుడు చెప్పాడు. సంఘ చరిత్రలో కార్యవర్గం ఏకగ్రీవంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

పదో పేరు నుంచి అందరూ పలికారు. భాయ్ చివరి వరస దగ్గర ఆగి నావైపు చూశాడు.

"ఏం సార్, ఇదేందిది? అండ్ అదర్స్? ఇదేమన్నా పెండ్లి పత్రికనా, బంధుమిత్రుల అభినందనలతో అని వేసేదానికి? చెక్‌పోస్టు కాడ వాడు అదర్స్ యాడ అంటే ఎవుర్ని చూపియ్యాల?"

ఆడవాళ్ళలో ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. భాయ్ వేళ్ళతో లెక్క పెట్టాడు. రానివాళ్ళు తొమ్మిదిమంది, పేరు లేనివాళ్ళు తొమ్మిదిమంది. దేవుడికి మా సంఘం మీద అంత దయ అంతకుముందెప్పుడూ కలగలేదు.

"ఖలాస్. ఒక్కొక్కరు ఒక్కో పెద్దమనిషి పేరు తీసుకోండి. పిలిస్తే చెయ్యెత్తండి. మన పేర్లలో ఆడా మగా ఆ ఇరాకీ వాళ్ళకేం తెలుసు?"

పంపకం ఐదు నిమిషాల్లో అయింది. ఏడ్చినామె కోశాధికారి అయింది. చాకలి సాంస్కృతిక కార్యదర్శి. మిగిలింది అధ్యక్షుడి పేరు, వంతన్న. అందరూ ఎక్కారు. వంతన్న కింద నిలబడి కదలలేదు.

"వాని పేరుతో నేను రాను."

"యల్లా, ఎక్కు వంతన్నా, పానం ముఖ్యమా పేరు ముఖ్యమా?" అన్నాడు భాయ్ కిటికీలోంచి.

"పానం నాకు ముఖ్యం. పేరు మా ఇంట్లోదానికి ముఖ్యం. బయటపడినోళ్ళ పేర్లు పేపర్లో వేస్తాండారని రేడియోలో ఇని ఈ పేపరన్నే చెప్పె. మా ఊర్లో బడి అయివారు టీ అంగట్లో దినామూ చదివి చెప్తాడు. అది పోయి కూచోని ఇంటాది. నా పేరు పడకుంటే నేను సచ్చినట్టే లెక్క. అధ్యక్షుడు బతికినాడని చదివితే దానికేం వస్తాది?"

నెల రోజులుగా ఉత్తరం లేదు, ఫోను లేదు. అతను బతికి ఉన్నాడని ఆ ఊరికి చెప్పగలిగింది పత్రిక ఒక్కటే. ఆ పత్రికకు వెళ్ళే జాబితాలో అతని పేరు లేకుండా చేసింది నేను.

"అమ్మాన్ చేరగానే నీ పేరు నేనే రాసి ఇస్తాను. అందరికంటే ముందు రాస్తాను" అన్నాను.

"నన్ను అదర్స్ చేసిందే నువ్వు గద న్నా. మల్ల నువ్వే రాస్తావా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. వంతన్న సంచి భుజాన వేసుకుని మెట్టు మీద కాలు పెట్టాడు. "సరే పదండి. ఇన్నాళ్ళకు పీట నాకు దొరికింది" అన్నాడు.

సరిహద్దు దాకా రెండు చోట్ల ఆపారు. హాస్యగాడు సైనికుణ్ణి నవ్వించి అందరినీ కాపాడాడని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. మొదటి చోట ఎవరూ పట్టించుకోలేదు. రెండో చోట ఒక సైనికుడు బస్సెక్కాడు. మన పేర్ల పక్కన హోదాలు కూడా భాయ్ అరబ్బీలో రాసి ఉంచాడు, మర్యాదగా ఉంటుందని. సైనికుడు మొదటి వరస చదివి "రయీస్?" అని కనుబొమలెత్తాడు. అధ్యక్షుడని అర్థం. ఉల్లిగడ్డ వాసన కొట్టే చొక్కాతో వంతన్న లేచి నిలబడ్డాడు. ఏ దేశానికి అని సైనికుడు అడిగాడు. సంఘానికి అని భాయ్ చెప్పాడు. సైనికుడు నవ్వలేదు. అధ్యక్షుడంటే మంచి గడియారం ఉంటుందని తోచి వంతన్న చెయ్యి పట్టుకుని గడియారం విప్పుకుని దిగిపోయాడు. అది ఒక పండగకు మామా ఇచ్చింది. మేమెవరమూ ఏమీ పోగొట్టుకోలేదు. మాకు అంత హోదా లేదు.

బస్రా దాటాక బస్సు చెడిపోయింది. మిట్ట మధ్యాహ్నం, నీడ అంటే బస్సు కిందే. నీళ్ళు అయిపోవస్తున్నాయి. నీళ్ళ డబ్బా దగ్గర తాపీ పనివాళ్ళు, జాబితాలో సొంత పేర్లున్న మాలో కొందరు తిట్టుకోవడం మొదలుపెట్టారు. వంతన్న ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద తువ్వాలు పరిచాడు.

"సోదర సోదరీమణులారా, నేను సౌదీ పోదలచుకోలేదు. అయినా మీరందరూ అడిగారు కనుక..."

"ఎవురడిగినారు సామీ!" అన్నారు జనం ఒక్క గొంతుతో. వంత ఈసారి వాళ్ళదే. కోశాధికారి ఎక్కిళ్ళు వచ్చేలా నవ్వింది. పావుగంట సేపు దాహం సంగతి ఎవరికీ గుర్తులేదు. చివర్లో అతను మాత్రం తువ్వాలు దులుపుకుని నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"అమ్మాన్‌లో రాస్తావు గదా? మర్చిపోవు గదా?" అన్నాడు. అంత సేపూ అతని బుర్రలో ఉన్నది అదే.

బాగ్దాద్‌లో మన ఎంబసీవాళ్ళు బస్సు జాబితా తీసుకుని మాకంటే ముందు ఇండియాకు పంపేశారు. తర్వాత జోర్డాన్ సరిహద్దులో డేరాల్లో వారం. ఆ తర్వాత అమ్మాన్. ఒక పెద్ద హాల్లో బల్లలు వేసుకుని మన అధికారులు కూర్చున్నారు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు కాగితం రాసిస్తారు. తెలిసినవాడు ఒకడు పూచీ సంతకం పెట్టాలి. బల్ల వెనకున్న గుమాస్తా ఫారం నావైపు తోసి హిందీలో, "ఇతన్ని ఎన్నాళ్ళుగా ఎరుగుదురు?" అని అడిగాడు.

"పదిహేనేళ్ళ పైగా."

"అయితే మీరే నింపండి. మొదట పేరు."

కలం తీశాను. నా పక్కన వంతన్న అలవాటు ప్రకారం వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టి నిలబడ్డాడు, ఎడమ పక్కనే. కలం కాగితం మీద ఆగిపోయింది. పదిహేనేళ్ళలో అతని గురించి ఎన్నో సార్లు రాశాను. అతని పేరు నాకు తెలియదు.

"నీ పేరు..." అన్నాను.

ఎంత తేలికైన అవకాశం! చిన్నపిల్లవాడైనా దాని మీద ఒక మాట విసిరేవాడు. అతను విసరలేదు. చెవి దగ్గరి చెయ్యి దించి, పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం ఒక్కొక్కటే బడిపిల్లవాడిలా చెప్పాడు. నేను పెద్ద అక్షరాల్లో రాశాను. రెండుసార్లు చదివి వినిపించమన్నాడు. వినిపించాను. ఆ రోజు అక్కడి నుంచి పంపిన జాబితాలో మొదటి పేరు అతనిదే. నా మాట నేను నిలబెట్టుకున్నాను. దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

తర్వాత సంగతి ఆ చలికాలంలో అతనే కడపలో మా ఇంటికి వచ్చి చెప్పాడు.

ముందు బాగ్దాద్ జాబితా పత్రికలో పడింది. అందులో అధ్యక్షుడి పేరు మొదటిది. ఆయన సొంతూళ్ళో టపాకాయలు కాల్చారట. ఆయన బంధువుల మాటల మీద, 'తోటివారిని విడిచి రాలేక చివరి బస్సులో వచ్చిన సంఘాధ్యక్షుడు' అని మా పత్రికే చుట్టూ గీతలతో పెట్టె కట్టి వేసింది. ఆ సమయానికి ఆయన సౌదీలో చల్లగా ఉన్నాడు. వంతన్న భార్య మూడు రోజులు టీ అంగట్లో కూర్చుని ఆ జాబితా చివరిదాకా చదివించుకుంది. చివర్లో తదితరులు అని ఉందని అయివారు చెప్పాడు. "ఆ తదితరుల్లో ఉంటాడులేమ్మా" అన్నాడట. ఆమె ఊరుకోలేదు. "సచ్చినోళ్ళను గూడా తదితరులు అనే రాస్తారా సామీ?" అని అడిగింది. అయివారు పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

నాలుగో రోజు వంతన్న బస్సు దిగి టీ అంగడి ముందే వచ్చి నిలబడ్డాడు. భార్య గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఊరంతా మూగింది. అయివారు మాత్రం కూర్చున్నచోటు నుంచి లేవలేదు. కళ్ళద్దాలు సర్దుకుని ఆనాటి పత్రిక ఆ చివర నుంచి ఈ చివరకు వెతికాడు.

"నువ్వు వచ్చింది సరే. పేపర్లో నీ పేరు లేదే!" అన్నాడు.

పేరు మరునాడు పడింది. అమ్మాన్ జాబితాలో మొదటిది. అప్పుడు అయివారు పత్రిక పట్టుకుని ఇంటికి వచ్చి, "ఇప్పుడు ఖాయం. నువ్వు వచ్చేసినావు" అని చేతులు కలిపి పోయాడట.

ఈ భాగాన్ని వంతన్న మా వరండాలో అయివారి గొంతు, భార్య గొంతు, తన గొంతు మూడూ వినిపించి చెప్పాడు. నేను చూసిన అతని ప్రదర్శనలన్నిటిలో గొప్పది అదే. దాన్ని చూసింది నేనూ, మా ఇంట్లో ఇద్దరూ. చెప్పడం అయ్యాక దాన్ని నేను పత్రికకు రాస్తానన్నాను. పేరుతో సహా, ఫోటోతో సహా.

"వొద్దు న్నా" అన్నాడు. "ఒగసారి పడింది, సాలు. మాయట్లాటోళ్ళ పేరు రెండోసారి పేపర్లో పడేది సచ్చినప్పుడే. తొందరేముంది?"

అందుకే ఇందులో అతని పేరు రాయలేదు. అతని పేరు లేని చోట మిగతా పెద్దమనుషుల పేర్లు ఎందుకని అవీ రాయలేదు.

అతను పోయి ఇప్పటికి చాలాకాలమైంది. పోయిన రోజు సాయంత్రం ఆ వార్త వేయించడానికి నేను పత్రికాఫీసుకు ఫోన్ చేశాను. డెస్కులో ఎవరో కొత్తమ్మాయి, మర్యాదగా మాట్లాడింది. పేరు చెప్పాను, ఊరు చెప్పాను. రాసుకుంది.

"హోదా ఏంటి సార్?" అంది.

"ఎడమవంత" అన్నాను.

"సార్, అది ఏ శాఖ?" అంది.